విల్లోకు సెలవేది?

చైనా ప్రాచీన కవుల్లో చాలామంది సర్కారు కొలువులో ఉన్నవాళ్లే. అందుకే కాబోలు, వాళ్ల పద్యాల్లో చెట్లు ఊరికే నిలబడవు, డ్యూటీలో ఉంటాయి. చెట్లకు ఉద్యోగమేమిటని నవ్వకండి. క్రీ.పూ. 219లో తైషాన్ కొండ మీద గాలివానకు చిక్కిన చిన్ షిహువాంగ్ చక్రవర్తి ఒక చెట్టు కింద తలదాచుకుని, దానికి ఏకంగా ‘వూ దాఫూ’ హోదా కట్టబెట్టాడు. సర్కారు ఇచ్చే హోదాల 20 అంచెల్లో అది తొమ్మిదోది. సిఫారసు ఉత్తరమైనా లేదు.

పైన్‌ది సుఖమైన ఉద్యోగం. చలికాలంలో పచ్చగా ఉంటే చాలు, కన్ఫ్యూషియస్ అంతటివాడే కాండక్ట్ సర్టిఫికెట్ ఇచ్చేశాడు. పాప్లర్‌ను శ్మశానాలకు వేశారు. వూతోంగ్‌ది నైట్ డ్యూటీ. చేటంత ఆకులు కదా, వాన పడితే చుక్క చుక్కా విడిగా వినిపిస్తుంది. తాంగ్ రాజవంశ కాలపు కవి వెన్ తింగ్‌యున్ నడిజామున మొదలైన ఆ చప్పుడును తెల్లారేదాకా ఆపలేదు. విరహులకు కునుకు పట్టకుండా చూడటమే దాని జాబ్ చార్టు. (దీన్ని ‘ప్లేన్ చెట్టు’ అని అనువదిస్తే చెట్టే మారిపోతుంది. షాంఘై వీధుల్లోని ప్లేన్ చెట్లను అక్కడివాళ్లు ‘ఫ్రెంచి వూతోంగ్’ అంటారు, తికమకంతా అక్కడే.)

అన్యాయమంతా సన్నటి కొమ్మలు వేలాడేసుకుని నిలబడే విల్లో చెట్టుకే. దాని పేరు చైనా భాషలో ‘లియు’. ‘ఉండిపో’ అనే మాటా ‘లియు’నే, పలికే స్వరం ఒక్కటే తేడా. ఈ శ్లేష పుణ్యమాని వీడ్కోళ్ల శాఖ మొత్తం దాని నెత్తిన పడింది. తాంగ్ రాజధాని చాంగాన్‌కు తూర్పున బా వంతెన దగ్గర సాగనంపడమంటే ఒక రెమ్మ విరిచి చేతిలో పెట్టడమే. రాజధాని నుంచి బదిలీ అయ్యే అధికారులెందరో మీరే ఊహించుకోండి. కవి వాంగ్ జిహువాన్ తాంగ్ కాలంలోనే కనిపెట్టాడు: ఈ మధ్య విరుపులతో విల్లోలకు కష్టమొచ్చింది, వీడ్కోళ్లు ఎక్కువైనట్టున్నాయి అని. అటవీశాఖ నివేదిక ఇంత క్లుప్తంగా ఎన్నడూ రాలేదు. వసంతపు గాలే జాలిపడి కొమ్మల్ని పచ్చబడనివ్వడం లేదని లి బాయ్ అన్నాడు. దాని సర్వీసులో మంజూరైన సెలవు అదొక్కటేనేమో.

పైగా జానెడు విల్లో కొమ్మను తడినేలలో గుచ్చితే వేళ్లేస్తుంది. కాబట్టి ఆ రెమ్మకు ‘వెళ్లినచోట పాతుకో’ అనే దీవెన కూడా తగిలించారు. ఉండిపొమ్మని ఒక ఉత్తర్వు, అక్కడే స్థిరపడమని ఇంకొకటి, ఒకే ఫైలులో!

815లో కవి లియు జోంగ్‌యువాన్‌ను లియుజోవ్ అనే ఊరికి పాలకుడిగా పంపారు. ఇంటిపేరు లియు, ఊరు లియు, నది లియు. ఒడ్డున ఆయన నాటింది? లియు. తన మీద తనే వేళాకోళంగా పద్యం కూడా రాసుకున్నాడు. చింతావారు చింతలపూడి వెళ్లి చింతమొక్క నాటినట్టన్నమాట.

ఇక్కడే ఈ పద్యాలను తెలుగు చేసే మన అనువాదకుడికి ఆశ పుడుతుంది. విల్లో అని రాస్తే శ్లేష పోయె, వివరణ పెడితే పద్యం పోయె. మనకు చింత ఉంది కదా, చెట్టూ అదే, దిగులూ అదే! అయితే ఒక చిక్కుంది. వెళ్లిపోయే స్నేహితుడి ఎదుట చింత కొమ్మ విరిచి పట్టుకుంటే తెలుగువాడికి గుర్తొచ్చేది ఎడబాటు కాదు, ఎక్కాలు రాని రోజు పంతులుగారి చేతిలోని చింతబరికె.