ఆ ఆధార్ మెసేజ్ నాకు మళ్లీ పంపకండి

నిన్న సాయంత్రానికి తొమ్మిదోసారి. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది, ఆఖరికి మా వీధి వాటర్ ప్లాంట్ గ్రూపులో కూడా వచ్చింది. పైన "పోలీసు వారి హెచ్చరిక" అని ఎర్రక్షరాలు, కింద ఐదు ముక్కలు. ఆధార్ నంబరు తెలిస్తే చాలు ఖాతా ఖాళీ. జిరాక్స్ మీద రెండు అడ్డగీతలు గీస్తే మీకేం కాదు. ఆధార్‌లో వేలిముద్రలు లాక్ చేస్తే పింఛను, రేషన్ శాశ్వతంగా బంద్. దొంగ బెదిరిస్తే ఏటీఎంలో పిన్ తిరగేసి కొట్టండి, పోలీసులొస్తారు. మీ పేరు మీద ఎవడో లోన్ తీసుకుంటే సప్పుడు చేయకండి, పోలీసుల దగ్గరికి పోతే మీరే ఇరుక్కుంటారు, సంతకం మీది కాదు కాబట్టి అదే రద్దవుతుంది.

నేను నల్లగొండలో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. పొద్దంతా జనాల కార్డులతోనే పని. పోనీలే అని ఊరుకుందును, ఆ ఐదో ముక్క ఊరుకోనివ్వలేదు.

పిన్ సంగతి ముందు తేల్చేద్దాం. అలాంటి ఏర్పాటు లేదు. పిన్ 2552 అయినవాడు ఏం తిరగేయాలో ఆ మేధావే చెప్పాలి.

ఉత్త నంబరుతో ఎవరూ డబ్బు తీయలేరు. దానికి తోడు ఓటీపీయో వేలిముద్రో కావాలి. భయపడాల్సింది ఆ వేలిముద్ర గురించి. 2018లో పెద్దపల్లి జిల్లా సిమ్ ఏజెంటు ఒకడు ఏం చేశాడో గుర్తుందా? రిజిస్ట్రేషన్ వెబ్‌సైటు నుంచి భూముల దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలకు రబ్బరు అచ్చులు చేయించుకుని, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ భూముల వాళ్లకు తమ పేరు మీద సిమ్ ఉందన్న సంగతే తెలియదు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో మొబైల్ నంబరు, ఓటీపీ కొడితే కనిపిస్తుంది. మీది కానిదాన్ని అక్కడే "నాది కాదు" అని చెప్పొచ్చు.

లాక్ విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాడికి సగం మార్కులు ఇస్తాను. శాశ్వతంగా బంద్ అన్నది అబద్ధం, లాక్ ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు. కానీ లాక్ ఉన్నప్పుడు వేలిముద్ర, కంటిపాప, ముఖం ఏదీ పనిచేయదు. మా అమ్మకు పింఛను తీసుకునే ప్రతిసారీ ఎవరో ఒకరు పక్కన కూర్చుని లాక్ తీయాలి. ఆమె ఫోన్ ఎప్పుడూ చార్జింగ్ అయిపోయే ఉంటుంది. అందుకే నాది లాక్ చేసుకున్నా, అమ్మది చేయలేదు. ఊళ్లో అందరినీ చేసుకొమ్మని చెప్పే ధైర్యం నాకు లేదు.

అడ్డగీతల గురించి వెటకారంగా నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నా. రాసేముందు ఎందుకో నా కంప్యూటర్‌లోనే డౌన్‌లోడ్స్ తెరిచి చూశాను. రెండేళ్ల సరుకు. ముందూ వెనకా ఆధార్‌లు, పాన్‌లు, పాస్‌బుక్ మొదటి పేజీలు, ఒకావిడ పెళ్లి ఫోటో. ప్రింట్ కోసం వాట్సాప్‌లో పంపినవే, నేను తీసెయ్యలేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అన్నీ వాళ్లవే. కాబట్టి జిరాక్స్ సెంటర్ భయం తప్పు కాదు, ఒప్పుకుంటున్నా. గీతల వల్ల ఉపయోగం లేదంతే, ఫైలు నా దగ్గర శుభ్రంగానే ఉంది కదా! చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దించుకోండి, ప్రింట్ అయ్యాక మీ కళ్లముందే డిలీట్ చేయించండి. ఈ గందరగోళానికి వాట్సాప్‌ను ఒక్కదాన్నే తిట్టడానికీ లేదు. 2022 మేలో ఆధార్ వాళ్ల బెంగళూరు ఆఫీసే జిరాక్స్‌లు ఎవరికి పడితే వారికి ఇవ్వొద్దని ప్రకటన ఇస్తే, రెండు రోజులకే ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది.

ఇక సప్పుడు చేయొద్దన్న ముక్క. తిప్పర్తి దగ్గర మా చిన్నాయన కొడుకు మొన్న ట్రాక్టర్ లోన్‌కు పోతే మేనేజర్ స్క్రీన్ ఇటు తిప్పి చూపించాడు. పేరు వీడిదే, పాన్ వీడిదే. ఫోన్ నంబరు ఎవరిదో, అడ్రస్ వీడు ఎన్నడూ అడుగుపెట్టని ఊరు. యాప్ లోన్లు మూడు, ఒక్క కిస్తీ కట్టలేదు. "ఎనిమిది నెలల కింద బాకీ అని మెసేజ్ వచ్చిందన్నా, గ్రూపుల సప్పుడు చేయొద్దన్నరు గదా అని ఊకున్న" అన్నాడు. ఏమనాలి వీణ్ణి? సంతకం నీది కాదని ఎవరికి తెలుసు, నువ్వు చెప్తే కదా! రద్దవడానికి అదేమన్నా వాన మబ్బా? ఎనిమిది నెలల్లో వడ్డీ పెరిగింది, అప్పు సరిగ్గా కడతాడో లేదో బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు పడిపోయింది, ట్రాక్టర్ పక్కింటాయన కొన్నాడు.

పోలీసుల దగ్గరికి పోతే మనమే ఇరుక్కుంటామట. వేరేవాళ్ల గుర్తింపు వాడుకున్నవాడికి ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ల దాకా జైలు. ఇరుక్కోవాల్సింది వాడు. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ అది ఖాతాలు మారిపోతుంది. లోన్ అయితే సైబర్ ఫిర్యాదు పెట్టి, ఆ రసీదు జతచేసి లోన్ ఇచ్చిన కంపెనీకి, అందరి అప్పుల లెక్కలు రాసిపెట్టే సిబిల్ లాంటి క్రెడిట్ సంస్థకు "ఇది నాది కాదు" అని రాయాలి. ముప్పై రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల లెక్కన వాళ్లే మనకు కట్టాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. సిబిల్‌తో కలిపి అలాంటి క్రెడిట్ సంస్థలు నాలుగు, ఒక్కోటి ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది. నాలుగూ చూడండి, ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు.

తమ్ముడితో ఇవన్నీ నేనే దగ్గరుండి పెట్టించాను. రెండు లోన్లు తీసేశారు. మూడోదానివాళ్లు ఆధార్ కాపీ మళ్లీ పంపమని అడుగుతున్నారు.