తొంభై ఒక్క ట్రాకుల నిశ్శబ్దం

అమెరికా రాక్ బృందం నైన్ ఇంచ్ నెయిల్స్ వాళ్ల ‘బ్రోకెన్’ సీడీ పెట్టి షఫుల్ నొక్కారా? అయితే ముందు ఆ వాల్యూం నాబ్ మీంచి చెయ్యి తియ్యండి.

1992 సెప్టెంబరులో వచ్చిన ఈ ఈపీలో (అంటే ఆల్బం కన్నా పొట్టి రికార్డులో) పాటలు 8. ప్లేయర్ మాత్రం 99 చూపిస్తుంది. మొదటి 6 బుద్ధిగా వస్తాయి. 7 నుంచి 97 దాకా ఏమీ ఉండదు, ఒక్కోటీ 4 సెకన్ల ఖాళీ. ఆ తర్వాతే 98లో ‘ఫిజికల్’, 99లో ‘సక్’. సీడీ ప్రమాణాల ప్రకారం ట్రాకులు 99 దాటకూడదు, ఏ ట్రాకూ 4 సెకన్లకు తగ్గకూడదు. ఆ బృందానికి సారథి ట్రెంట్ రెజ్నర్ ఆ రెండు గోడలకీ వీపు ఆనించి కూర్చున్నాడన్నమాట.

షఫుల్‌లో మొదటే ఖాళీ తగిలే అవకాశం 99లో 91. తెర మీద 43 పడుతుంది. చప్పుడు లేదు. వాల్యూం కొంచెం పెంచుతారు. లోపల లెన్సు కిర్రుమంటూ జరిగి 71కి వెళ్తుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకొంచెం పెంచుతారు. పాటకీ పాటకీ మధ్య సగటున పది ఖాళీలు, అంటే 40 సెకన్లు. వెనక్కి వంగి వైరు కదిపి, స్పీకరుకి చెవి ఆనించడానికి సరిగ్గా సరిపోతుంది. అప్పుడు పడుతుంది 2. ‘విష్’. మెటల్ విభాగంలో గ్రామీ కొట్టిన పాట. వంటింట్లో గరిటె కింద పడుతుంది గానీ ఆ చప్పుడు ఎవరికీ వినపడదు.

గిటార్లు అంత బరబరలాడేసరికి స్పీకరు కోన్ చిరిగిందని తేల్చేస్తారు. చిరగలేదు, ఆ బరబర రికార్డింగులోనే ఉంది. ఇక సీడీ తుడవడం మొదలవుతుంది, అదీ పళ్లెం తోమినట్టు గుండ్రంగా! మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలి. గుండ్రంగా గీత పడితే అది డేటా వరస వెంటే పోతుంది, ప్లేయర్ సర్దుకోలేదు. అప్పటిదాకా నిక్షేపంగా ఉన్న డిస్కు ఇప్పుడు నిజంగానే పాడవుతుంది. తర్వాత స్నేహితుడికి ఫోను.

“ఏ సీడీరా?”

“బ్రోకెన్.”

“విరిగిందని తెలిసిందిలేరా, పేరు చెప్పు.”

మందు తేలికే. ప్రోగ్రాం మోడ్‌లో 1 నుంచి 6, తర్వాత 98, 99 ఇస్తే చాలు. ఆ సదుపాయం లేకపోతే 6 నుంచి 98కి నెక్స్ట్ బటన్ 92 సార్లు నొక్కాలి. కొన్ని ప్లేయర్లలో 1 దగ్గర ఆగి ప్రీవియస్ నొక్కితే తిన్నగా 99కి పోతుంది, ముందు అది చూడండి. ఏదీ కుదరకపోతే 6 నిమిషాల 4 సెకన్లు ఓపిక పట్టండి, కాఫీ కలుపుకోవచ్చు.

తొలి ముద్రణ దొరికిన అదృష్టవంతులకు ఈ బాధ లేదు. అందులో ఆ చివరి రెండు పాటలూ 3 అంగుళాల బుల్లి సీడీలో విడిగా వచ్చాయి. దాన్ని కారు స్టీరియో సందులోకి తోశారో, బయటికి రాదు. ట్రే ఉన్న ప్లేయర్లో, మధ్య చిన్న గుంటలో పెట్టాలి.

కంప్యూటర్లోకి ఎక్కించుకునేవాళ్లు ఫైళ్లను నిడివి వరసలో పేర్చి, 4 సెకన్లవి 91 ఒక్కసారే తీసేయాలి. తీసేశాక 8 మిగులుతాయి. హమ్మయ్య అనుకుని, స్పీకర్లకు తగిలించి షఫుల్ నొక్కుతారు. వాల్యూం నాబ్ ఇందాక తిప్పిన చోటే ఉంటుంది.