సవరణ: సెన్షర్ అంటే పదవి పోవడం కాదు

మొన్న రాసినదాంట్లో 'సెన్షర్' అన్న ఇంగ్లీషు మాటకి పదవి నుంచి తీసెయ్యడం అని అర్థం చెప్పాను. అది తప్పు. ఒంగోలులో మా మేనమామ అది చదివి, తన పాత సర్వీసు రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టాడు. ఎర్ర సిరాతో ఒకే ఒక్క వాక్యం. "ఇది పడ్డాక ఇంకా పద్దెనిమిదేళ్లు చేశాను అబ్బయ్యా" అన్నాడు.

సెన్షర్ అంటే అధికారికంగా తప్పుపట్టి రికార్డుకెక్కించడం. ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనల్లో అది చిన్న శిక్షల కిందికొస్తుంది. నేను పొరబడ్డది ఎక్కడంటే, సెన్షర్‌కీ ఇంపీచ్‌మెంట్‌కీ తెలుగులో 'అభిశంసన' అనే వాడతాం. ఇంపీచ్‌మెంట్ అంటే పదవి నుంచి తీసెయ్యడానికి చట్టసభ నడిపే విచారణ. 1834లో అమెరికా సెనేట్ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ని సెన్షర్ చేసింది. ఆయన పదవిలోనే కొనసాగాడు. 1837లో ఆ తీర్మానాన్ని సెనేటే కొట్టేసింది.

మాట పుట్టుక ఇంకా బాగుంటుంది. లాటిన్‌లో 'సెన్సేరే' అంటే వెలకట్టడం, అంచనా వెయ్యడం. పాత రోములో సెన్సార్ అనే అధికారి జనాన్ని లెక్కరాసేవాడు, నడవడి బాగాలేనివాళ్ల పేరు పక్కన మచ్చగా ఒక గుర్తు పెట్టేవాడు. మన జనాభా లెక్కల సెన్సస్, సినిమా సెన్సారు, ఈ సెన్షర్ మూడూ ఆ ఇంటివే. మామ రిజిస్టర్లో ఎర్ర సిరా కూడా అలాంటి గుర్తే. పాత పోస్టులో ఆ వాక్యం మార్చేశాను.