సూపు చల్లారనంత దూరం

తల్లిదండ్రులు పిల్లలకు ఎంత దగ్గరలో ఉండాలి? దక్షిణ కొరియాలో దీనికి అందరి నోటా ఉన్న జవాబు ఒకటుంది: సూపు చల్లారనంత దూరంలో. అమ్మ పొయ్యి మీంచి దించిన గిన్నె కూతురి ఇంటికి చేరేసరికి ఇంకా పొగలు కక్కుతుండాలి. అంత దగ్గరైతే చాలు, ఒకే ఇల్లు అక్కర్లేదు.

పెద్దకొడుకు దగ్గరే అమ్మానాన్నలు ఉండటం ఒకప్పుడు అక్కడ అడగక్కర్లేని ఆనవాయితీ. 2023లో ప్రభుత్వం జరిపిన వృద్ధుల సర్వేలో పిల్లలతో కలిసి ఉంటున్నవారు 10.3 శాతమే. ఒంటరిగా ఉంటున్నవారు మూడేళ్లలో 19.8 నుంచి 32.8 శాతానికి పెరిగారు. ఆరోగ్యం బాగున్నంతకాలం ఇప్పుడున్న ఇంట్లోనే ఉంటామని 87.2 శాతం మంది చెప్పారు.

విలువలు పోయాయని వాపోవడం తేలిక. మేము అలా చూడటం లేదు. అపార్ట్‌మెంట్ తలుపు లాక్ నంబరు అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది అక్కడి కోడళ్లకు నిజంగా టెన్షన్. కిమ్చీ పచ్చడి డబ్బా మోసుకొచ్చి, పైకి వెళ్లకుండా వాచ్‌మన్ గదిలో పెట్టి తిరిగి బస్సెక్కే తల్లులూ ఉన్నారు. అందులో ప్రేమ తగ్గిందని మేము అనలేం. ఎవరి మొహమాటాన్నీ భరించకుండా తన గదిలో తాను పడుకోవాలనుకోవడం పెద్దల హక్కు.

మా కలత వేరే. 'నేనిక్కడే హాయిగా ఉన్నాను' అని ఫోన్‌లో చెప్పే తల్లి మనసులో ఉన్నది ఇష్టమా, పిల్లలకు భారం కాకూడదన్న భయమా? సర్వేలో రెండూ ఒకే లెక్కలో పడతాయి. అక్కడి వృద్ధుల్లో పదిమందికి దాదాపు నలుగురు పేదరికంలో ఉన్నారు. జాతీయ పెన్షన్ పథకం 1988లో గానీ మొదలు కాలేదు. అప్పటికే వయసు మళ్లినవారికి దక్కింది స్వల్పమే, ఉన్నదంతా పిల్లల చదువులకే పోయింది. 2014లో వచ్చిన కనీస పెన్షన్‌నైనా భార్యాభర్తలిద్దరూ తీసుకుంటే ఒక్కొక్కరికి 20 శాతం కోస్తున్నారు. కలిసి ఉన్నందుకు ఈ కోతేమిటి? వెంటనే ఎత్తేయాలి.

2008 నుంచి ఉన్న దీర్ఘకాలిక సంరక్షణ బీమా కింద ఇంటికి వచ్చే సహాయకురాలు ఉండేది రోజులో కొన్ని గంటలే. ఆమె వెళ్లాక, రాత్రి రెండింటికి బాత్‌రూమ్‌లో జారిపడితే ఎవరొస్తారు? వైద్యం, సంరక్షణ రెండూ ఇంటికే అందేలా 2024లో చట్టం చేసి, 2026 మార్చిని అమలు గడువుగా పెట్టుకున్నారు. దాని కింద మొదటి డబ్బు గోడకు పట్టుకోడానికి వేసే కడ్డీకి, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనిషి జీతానికి వెళ్లాలి. అదీ సియోల్ కంటే ముందు, కుర్రకారు ఖాళీ చేసిన పల్లెలకు.