ఇల్లే లేనోడికి గోప్యత దేనికి?

పత్రికా స్వేచ్ఛకూ పళ్ళు పంచే స్వేచ్ఛకూ అడ్డంగా నిలబడ్డ సెక్షన్ ఒకటుంది మన దేశంలో. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో 74వది. ఇల్లూ వాకిలీ లేకుండా రోడ్డు మీద దొరికిన పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో, చివరికి ఫలానా వాడని పోల్చుకోవడానికి వీలయ్యే ఏ వివరమూ పేపర్లోగానీ టీవీలోగానీ ఇంకెక్కడాగానీ బయటపెట్టకూడదట. పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పిల్లవాడి మేలు కోసం తప్పదనుకుంటే జువెనైల్ జస్టిస్ బోర్డో బాలల సంక్షేమ కమిటీయో కారణాలు రాసిపెట్టి మరీ అనుమతివ్వాలి. ఇంత కఠినమైన చట్టం నెత్తిన ఉన్నా మన నెల్లూరు జిల్లాలో, ఆ మాటకొస్తే ఒంగోలు వైపు కూడా, ప్రజాసేవ ఒక్కరోజు ఆగలేదంటే అది మనవాళ్ళ గుండె ధైర్యం. ఆ ధైర్యాన్ని ఎవరూ మెచ్చుకోవడం లేదు కాబట్టి నేను పూనుకున్నాను.

ఆపరేషన్ స్మైల్ అనీ, ఆపరేషన్ ముస్కాన్ అనీ పోలీసులు స్టేషన్లూ బస్టాండ్లూ హోటళ్ళూ వెతికి పిల్లల్ని పట్టుకొస్తారు. ఇది మంచి పనే, వెటకారం కాదు. ఆ తర్వాత ఫొటో ఉంటుంది. వెనక వరసలో కుర్చీలు, కుర్చీల్లో అధికారులు, వాళ్ళ వెనక సిబ్బంది, పైన ఫ్లెక్సీ. ముందు, కింద పరిచిన పట్టా మీద పిల్లలు. ఒక్కొక్కడి చేతిలో ఒక అరటిపండు, ఒక బిస్కెట్ ప్యాకెట్. తినకూడదు, పట్టుకోవాలి. తినేస్తే ఇక ఫొటోలో ఏముంటుంది? సిగ్గుతో ఒకడు ముడుచుకుపోతే "అబ్బయా, ఇటు చూడు, తల దించబాక" అని ఫొటోగ్రాఫర్ బుజ్జగిస్తాడు.

మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. పేపరువాళ్ళకు చట్టం తెలీదనుకోకండి. అందుకేగా మొహాలు మసక చేసేది! కింద మాత్రం అంతా స్పష్టంగా ఉంటుంది. ఫలానా మండలం ఫలానా గిరిజన కాలనీకి చెందిన ఫలానా వారి కుమారుడు ఫలానా (13), తండ్రి తాగొచ్చి బెల్టుతో కొడుతుంటే తట్టుకోలేక రైలెక్కాడు, ప్రస్తుతం ఫలానా వీధిలోని బాలుర హోములో ఆశ్రయం పొందుతున్నాడు. మొహం ఒక్కటే రహస్యం. అది ఎవరి మొహమో ఆ కాలనీలో పాలు తాగే బిడ్డ కూడా చెబుతుంది, చట్టానికి తెలియకపోతే చాలు.

ఈ వార్తలు ఎవరు చదువుతారని కొందరు తీసిపారేస్తారు. చదివేవాళ్ళున్నారు. బాతుల మందలు తిప్పే ఆసాములు మన వైపు ఉంటారు. వాళ్ళలో కొందరు ఏ యానాది కుటుంబానికో కొంత అడ్వాన్సు ఇస్తారు, ఆ బాకీ తీరేదాకా పిల్లవాడు బాతుల వెంట కోసిన మళ్ళల్లో తిరగాలి. బాకీ తీరదు, అది వేరే లెక్క. (వెట్టిచాకిరీని 1976లోనే చట్టం రద్దు చేసింది. బాతులకు ఆ సంగతి ఇంకా అందినట్టు లేదు.) అలాంటివాడొకడు ఒక రాత్రి బిట్రగుంటలో రైలెక్కి మాయమయ్యాడనుకోండి. ఆసామి పాపం ఎక్కడని వెతకాలి? పెట్రోలు ఖర్చు, తిరుగుడు, టెన్షన్. అదే టీ కొట్టు దగ్గర పేపరు తిరగేస్తే పేరు, ఇంటిపేరు, హోము, వీధి, అన్నీ ఒక్కచోట. మొహం మసకగా ఉన్నా ఆయనకు ఇబ్బంది లేదు. వాడి మొహం ఆయన ఏనాడూ సరిగ్గా చూసింది లేదు. ఆ పూట పేపరుకు పెట్టిన డబ్బు గిట్టుబాటైన పాఠకుడు జిల్లా మొత్తానికి ఆయనే అయ్యుంటాడు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. కాదనను. కానీ ఆ హక్కు పెట్టుకోవడానికి ఒక చోటుండొద్దా? మనం తలుపేసుకుని, గడియ పెట్టుకుని, కర్టెన్ లాక్కుని మరీ గోప్యంగా ఉంటాం. నెల్లూరు స్టేషన్లో సిమెంటు బెంచీ కింద పడుకునేవాడు ఏ తలుపు వేసుకుంటాడు? ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. ఇల్లే లేనోడికి గుట్టేంది, చేటేంది?

అసలు గుట్టు అవసరమైనవాళ్ళు వేరే ఉన్నారు. సమాచార హక్కు కింద ఒక ఉద్యోగి ఆస్తులెంత, అందుకున్న మెమోలెన్ని అని అడిగి చూడండి. వ్యక్తిగత సమాచారం, 8(1)(జె) ప్రకారం ఇవ్వం అని రెండు లైన్లలో జవాబొస్తుంది. 2012లో సుప్రీంకోర్టు కూడా అవి వ్యక్తిగతమేనంది. 2023 నాటి డేటా రక్షణ చట్టం ఆ సెక్షన్‌ను ఇంకా బిగించింది. న్యాయమే. ఆయనకు ఇల్లుంది, ఇంకో ఇల్లుంది, ఊరి బయట ప్లాట్లున్నాయి, దాచుకోవాల్సింది బోలెడు. పదమూడేళ్ళవాడికి ఏముంది? వీపు మీద బెల్టు వాత. అది ఎటూ పేపర్లో వచ్చేసింది. అదే డేటా చట్టం పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలని కూడా అంటుంది. అంటే ముందుగా ఆ బెల్టాయన్ని అడగాలన్నమాట.

రికార్డుల సంగతి సరేసరి. దొరికిన పిల్లవాణ్ణి 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి. ఈలోగా రైల్వే పోలీసులు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 వాళ్ళు, హోమువాళ్ళు, తలా ఒకచోట రాసుకుంటారు. "యాడబ్బయా మీది? దేనికొచ్చేశావ్?" అని అందరూ అదే అడుగుతారు. శాశ్వత చిరునామా అన్న గడి దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. ఖాళీ వదిలితే పైవాళ్ళు ఒప్పుకోరు, అందుకని వాడు పారిపోయొచ్చిన ఇంటినే శాశ్వతం చేస్తారు. వయసుకు ఏ కాగితమూ లేకపోతే జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ఎముకల పరీక్ష చేస్తారు. ఇంత శ్రద్ధగా నింపిన రిజిస్టరు బల్ల మీద తెరిచే ఉంటుంది, ఫ్యాను గాలికి పేజీ ఎగరకుండా పైన టీ గ్లాసు. ఎదురుగా నిలబడ్డవాడు తన పని చెప్పుకునేలోపు తలకిందులుగానైనా నాలుగు పేర్లు చదువుకోవచ్చు. పారదర్శకత అంటే ఇదీ.

ఆరేళ్ళు గడిచి వాడు కృష్ణపట్నం వైపు ఏ గోడౌన్లోనో పనికి పోతాడు. మొదట చెప్పిన 74వ సెక్షన్లోనే ఇంకో ముక్క ఉంది, పిల్లప్పటి రికార్డును పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా బయటపెట్టకూడదని. వాళ్ళు పెట్టరు, ఆ అవసరమూ లేదు. సూపర్‌వైజర్ ఫోన్లో పేరూ ఊరూ కొడతాడు, అరటిపండుతో సహా వచ్చేస్తుంది.

"నువ్వేనా ఇది?"

"కాదు సార్."

"మరి ఇంటిపేరు అదేగా?"

ఎంతటివాళ్ళకైనా జీవిత చరిత్ర రాసేవాళ్ళు దొరకడం కష్టం. వీడికి పదమూడో ఏటనే, పైసా తీసుకోకుండా రాసిపెట్టాం.

హోముకు భోజనాలు పెట్టడానికి వచ్చే దాతల ఫొటోల మీద కూడా ఈ మధ్య అభ్యంతరాలు మొదలయ్యాయి. పుట్టినరోజు, పెళ్ళిరోజు, వర్ధంతి, ఏదైనా సరే పళ్ళెం ముందు పిల్లవాడు, పక్కన గరిటెతో దాత, సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్, కింద హోము లొకేషన్. అటు చట్టమూ ఇటు పుణ్యమూ చెడకుండా నేనొక మధ్యేమార్గం ఆలోచించాను. పిల్లల్ని ఫొటోలోంచి తీసేద్దాం. దాత మొహం మసక చేసి, కింద "ఫలానా వీధికి చెందిన ఫలానా వారి కుమారుడు (52)" అని వేద్దాం. పేరు, ఇంటిపేరు, వీధి, వయసు అన్నీ ఉన్నాయి, ఎవరికీ నష్టం లేదు.

ఏటా రెండు పూటలు అన్నం పెట్టే ఒక పెద్దాయన దగ్గర ఈ మాట అన్నాను. ఆయన నా వైపు అదోలా చూశాడు.

"మొహం మసకేస్తే జనం ఏమనుకుంటారు అబ్బయా? ఏదో కేసులో దొరికినోడనుకోరా!"