ఆఖరి బంతికి ముందే ఇంటికెళ్లిపోండి

గొప్ప ఆటగాళ్లందరికీ ఒక మనవి. మీ మేలు కోరి చెబుతున్నాను, వెటకారం అనుకోకండి. మీరు తెల్లవారకముందే లేచి, ఇరవయ్యేళ్లపాటు పరిగెత్తి, మోకాళ్లు అరగదీసుకుని, నోరు కట్టుకుని, రికార్డుల మీద రికార్డులు పెడతారు. చాలా సంతోషం. కానీ మేం గుర్తుపెట్టుకునేది చివరి పది సెకన్లే. మిగతా ఇరవయ్యేళ్లు మీ సొంత ఖర్చు కింద రాసుకోండి.

ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఆటగాడు జిదాన్ సంగతే చూడండి. 1998 ప్రపంచకప్ ఫైనల్లో బ్రెజిల్ మీద రెండు గోల్స్ కొట్టాడు, రెండూ తలతోనే. 2002లో గ్లాస్గోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. అంతెత్తు నుంచి దిగుతున్న బంతిని కింద పడనివ్వకుండా ఎడమ కాలితో తన్నాడు, అదీ కుడికాలి వాటం మనిషి. బాగుంది, ఎవరు కాదన్నారు? కానీ 2006 జులై 9న బెర్లిన్‌లో ఏం చేశాడు? ప్రపంచకప్ ఫైనల్, అదనపు సమయం, ఇంకో పది నిమిషాలు ఓపిక పడితే మ్యాచ్ పెనాల్టీలకు వెళ్తుంది. ఇటలీ ఆటగాడు మాటెరాజీ వెనక నుంచి ఏదో అన్నాడు. ఈయన నాలుగడుగులు ముందుకెళ్లి, ఆగి, వెనక్కి తిరిగి, తల వంచి, ఎద్దు పొడిచినట్టు వాడి ఛాతీ మీద ఒక్కటిచ్చాడు. రెడ్ కార్డ్. లోపలికి నడుస్తుంటే దారి పక్కనే బల్ల మీద ప్రపంచకప్ మెరుస్తోంది, ఆయన దానివైపు చూడను కూడా లేదు. అయిపోయింది, కెరీరే ముగిసింది.

తల మాత్రం అదే తల. కప్పు తెచ్చిన తలా అదే, కొంప ముంచిన తలా అదే. అయితే ఒక తలకి ఒకే జ్ఞాపకం అనేది మా రూలు. ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ కూడా ఆయనకే వచ్చిందని చెబితే జనం నావైపు అనుమానంగా చూస్తారు. ఆ తలపోటుకి మాత్రం 2012లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్ ముందు ఐదు మీటర్ల కంచు విగ్రహం పెట్టారు. తర్వాత దాన్ని దోహాలో సముద్రం ఒడ్డున నిలబెడితే, విమర్శలొచ్చి కొద్ది వారాలకే తీసేశారు. నేనేమైనా తక్కువ తిన్నానా? ఆ తలపోటు వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. గ్లాస్గో గోల్ మాత్రం ఈ వ్యాసం కోసం వెతుక్కుని చూడాల్సి వచ్చింది.

ఇంతకీ ఆ బెర్లిన్ మ్యాచ్‌లోనే జిదాన్ భుజానికి దెబ్బ తగిలింది. ఆ వంకతో పెద్దమనిషిలా బయటికొచ్చేసి ఉంటే సరిపోయేది. అందుకే ప్రతి జట్టూ ఒక వీడ్కోలు కోచ్‌ని పెట్టుకోవాలని నా సూచన. బ్యాటింగ్ కోచ్, బౌలింగ్ కోచ్, మసాజ్ చేసే మనిషి, అందరూ ఉన్నారు కదా, ఈయన కూడా ఒకడు. ఆయనకి వేరే పనేం ఉండదు. గొప్ప ఆటగాడు ఏదైనా మంచి పని చేయగానే మైదానంలోకి ఉరికి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేయాలి. గోల్ కొట్టావా? పద. సెంచరీ అయిందా? పద. ఫైనల్ ఇంకా గంట ఉందన్నా సరే, పద.

"అంత్య నిష్ఠూరం కంటే ఆది నిష్ఠూరం మేలు" అన్నారు పెద్దలు. ధోనీ పాపం ఎందుకైనా మంచిదని రెండూ చేసిపెట్టాడు. 2004లో మొదటి వన్డేలో సున్నాకి రనౌట్, 2019 ప్రపంచకప్ సెమీఫైనల్లో, అంటే చివరి వన్డేలో, యాభై దగ్గర రనౌట్. మధ్యలో 10,773 పరుగులూ, 2011 కప్పూ ఉన్నాయి, కాదనను. కానీ న్యూజిలాండ్ ఆటగాడు గప్తిల్ విసిరిన ఆ త్రో చూడండి, క్రీజుకి ఆ కాస్త దూరం చూడండి! "డైవ్ కొట్టాల్సింది" అని సోఫాలోంచి లేవకుండా ఇప్పటికీ సలహా ఇస్తూనే ఉన్నాం. గప్తిల్‌కైనా సుఖం ఉందా అంటే, నాలుగు రోజుల తర్వాత ఫైనల్లో సూపర్ ఓవర్ ఆఖరి బంతికి ఆయనే రనౌటయ్యాడు.

బోల్ట్‌ది మరీ అన్యాయం. 2009లో వంద మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు, మనిషన్నవాడు ఇప్పటికీ దాన్ని దాటలేదు. ఆ 9.58 సెకన్ల వీడియో పూర్తిగా చూసే ఓపిక మనకుండదు. 2017లో లండన్‌లో చివరి రిలేలో తొడ కండరం పట్టేసి ట్రాక్ మీద పడిపోయిందైతే స్లో మోషన్‌లో చూస్తాం.

రివర్స్‌లో కూడా ఈ రూలు పనిచేస్తుంది. గిలెస్పీ 259 టెస్టు వికెట్లు తీసిన ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్. 2006లో చిట్టగాంగ్‌లో, సాయంత్రం అసలు బ్యాటర్‌ని కాపాడటానికి నైట్‌వాచ్‌మన్‌గా పంపితే, ఈ మహానుభావుడు తన పుట్టినరోజు నాటికి 201 నాటౌట్. ఆ తర్వాత ఇంకో టెస్టు ఆడలేదు. అంటే, బంతితో పదేళ్లు పడ్డ కష్టం గంగలో కలిసి, ఆయన క్విజ్ ప్రశ్నల్లో బ్యాటర్‌గా స్థిరపడ్డాడు. వీడ్కోలు కోచ్ లేకపోయినా అదృష్టం కలిసొచ్చిందంతే.

ఈ శాఖకి మూలపురుషుడు ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్. 1948 ఆగస్టు 14, ఓవల్ మైదానం. సగటు కచ్చితంగా వంద కావడానికి నాలుగంటే నాలుగు పరుగులు కావాలి. ఇంగ్లండ్ ఆటగాళ్లు చుట్టూ చేరి మూడుసార్లు జేజేలు కొట్టారు. ఇంగ్లండ్ స్పిన్నర్ హోలీస్ వేసిన మొదటి బంతి ఆడాడు, రెండోది అటు తిరుగుతుందనుకుంటే ఇటు తిరిగే గూగ్లీ, బౌల్డ్, సున్నా. అప్పటికే ఇంగ్లండ్‌ని 52కే ఆలౌట్ చేశారు కాబట్టి మళ్లీ బ్యాటింగ్ చేసే అవసరమే రాలేదు. 6,996 పరుగులు, 29 సెంచరీలు, వీటి సంగతి అడగండి, నీళ్లు నములుతాం. 99.94 అనండి, నిద్రలో కూడా చెబుతాం. ఆస్ట్రేలియా ప్రసార సంస్థ ఏబీసీ ఏకంగా తన పోస్టుబాక్సు నంబరే 9994 పెట్టుకుంది. ఆ నాలుగు పరుగులు కొట్టి ఉంటే పోస్టుబాక్సుకి 100 అని పెట్టుకునేవాళ్లా? నాకైతే నమ్మకం లేదు.

హోలీస్‌నైనా వదిలామా? ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 2,323 వికెట్లు తీశాడు, అందులో మనకి తెలిసింది ఒక్కటే. ఇంకా దారుణం ఏంటంటే, ఆ రోజు ఆ రెండు బంతులూ పడుతున్నప్పుడు అవతలి ఎండ్‌లో బ్యాటు పట్టుకుని ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. పేరు ఆర్థర్ మోరిస్. ఆ ఇన్నింగ్స్‌లో ఆయన 196 కొట్టాడు. చివరికి ఆయనా రనౌటే.