కోర్టు వరండాలో పిల్ల

ఉదయగిరి నుంచి నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. లైంగిక దాడికి గురైన పిల్ల సాక్ష్యం చెప్పడానికి పదిన్నరకల్లా కోర్టులో ఉండాలంటే తెల్లారకముందే బస్సెక్కాలి, తల్లికి ఆ రోజు కూలి పోతుంది, పిల్లకు బడి పోతుంది, తీరా మధ్యాహ్నం దాకా వరండా బల్ల మీద కూర్చున్నాక ‘అవతలి లాయరు రాలేదమ్మా, వాయిదా పడింది’ అంటే చచ్చినట్టు మళ్లీ బస్టాండుకే. నాలుగడుగుల అవతల నిందితుడి చుట్టాలుంటారు. ఊళ్లో మొదలైన రాజీ బేరం అక్కడా ఆగదు.

పిల్లలపై అఘాయిత్యాలకు చట్టం కఠినం చేశామని ప్రభుత్వాలు చెప్పినప్పుడల్లా మాకు ఆ బల్లే గుర్తొస్తుంది. 2019 సవరణతో పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) శిక్షలు ఉరి దాకా వెళ్లాయి. (చేసినవాడు మేనమామో పక్కింటాయనో అయితే, ఉరి అనే మాట వినగానే ఆ తల్లి స్టేషన్ మెట్లెక్కడానికి ఇంకా జంకదా?) నిజానికి కావాల్సినవి 2012 నాటి చట్టంలోనే ఉన్నాయి. కోర్టు కేసు తీసుకున్న 30 రోజుల్లో పిల్ల సాక్ష్యం నమోదు చేయాలి, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగించాలి, పిల్లను మాటిమాటికీ కోర్టుకు పిలవకూడదు, లాయర్లు అడిగేది జడ్జి నోటి గుండానే పిల్లను చేరాలి, సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు కంటపడకూడదు. కొత్తగా రాయాల్సిందేముంది?

పోలీసులకు మాత్రం 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టంతో గడువు బిగిసింది, పోక్సో లైంగిక దాడి కేసుల దర్యాప్తు రెండు నెలల్లో ముగించాలి. బాగుంది. ఆ తర్వాత వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే ఆ తొందర ఎవరికి పనికొచ్చినట్టు? మూడేళ్ల తర్వాత బోనెక్కిన పిల్ల తేదీ మర్చిపోతే, అదిగో అబద్ధమంటారు.

మేం అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. చట్టం వీడియోలో సాక్ష్యానికి ఒప్పుకుంటోంది కదా, ఉదయగిరి, ఆత్మకూరు, కావలి కోర్టుల్లో తలా ఒక గది, కెమెరా ఇచ్చి నెల్లూరు కోర్టుకు కలపండి. సాక్ష్యానికి తేదీ వేస్తే ఆ రోజు ఆ కేసే ముందు పిలవండి. 2020 పోక్సో నియమాల ప్రకారం తిండికీ ప్రయాణానికీ తక్షణ సాయం ఇప్పించాలని బాలల సంక్షేమ కమిటీ సిఫార్సు చేయొచ్చు, చేస్తే వారంలో డబ్బు అందాలి. ఆ సంగతి తల్లికి చెప్పాల్సింది ఎఫ్‌ఐఆర్ రోజున, స్టేషన్‌లోనే, తెలుగులో. బస్సు చార్జీకి ఆమె మళ్లీ అప్పు చేసేదాకా ఆగకూడదు.